మడత మీద కొలిచిన వైరు

మార్చి 4
గేటుకి నోటీసు అంటించి వెళ్ళారు. లైన్ రిపేరట. పద్దెనిమిదిన ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కరెంటు ఉండదు. అత్తయ్య ఆక్సిజన్ మెషీన్ కరెంటు మీదే నడుస్తుంది. సిలిండర్ మూడు గంటలకు మించి రాదు. నా కుట్టు మెషీన్ కోసం కొన్న ఇన్వర్టరు ఇంకో రెండు గంటలు లాగుతుంది. మిగతా మూడు గంటల మాటేమిటి?

ఆ ఒక్కరోజూ ఆస్పత్రిలో ఉందామన్నాను. ఆ మంచం ఎక్కితే ఉన్న ఊపిరి కూడా పోతుందన్నారు అత్తయ్య.

మార్చి 5
మా ఆయన ఆఫీసు మీద నుంచి దింపేసిన రెండు సోలార్ ప్యానెళ్ళు ఏడాదిగా మేడ మీద గోడకి ఆనుకుని ఉన్నాయి. ఎండలో అవి బ్యాటరీలు నింపుతూ ఉంటే రోజంతా గట్టెక్కుతాం. బిగించేవాళ్ళు నెలాఖరు దాకా కుదరదన్నారు. ఆయన డ్యూటీ నుంచి ఇరవైకి గానీ రారు.

నేనే చేస్తాను. ముప్పై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. కొలవడం, కత్తిరించడం, అతకడం. ఇదీ అంతేగా.

మార్చి 7, మధ్యాహ్నం 12
ఎదురింటి బాబాయిగారు రిటైరైన లైన్‌మన్. ఆయన వోల్టులు చూసే మీటర్ అరువు తెచ్చి ప్యానెల్ వైర్లకి ఆనించాను. ముప్పై ఆరు వోల్టులు. మంట లేదు, చప్పుడు లేదు, ఊరికే పడి ఉన్న గాజు పలక. మందపాటి దుప్పటి కప్పితే నంబరు జారిపోయింది. తీస్తే లేచింది. చిన్నపిల్లలా నాలుగుసార్లు కప్పి తీశాను. వంట మాడింది.

మార్చి 9
ప్యానెల్ వైర్లు కలపడానికి ఎంసీ4 కనెక్టర్లు అడిగితే షాపతను ఒక కంపెనీ మగ కనెక్టరు, ఇంకో కంపెనీ ఆడ కనెక్టరు చేతిలో పెట్టాడు. టక్కున పడ్డాయిగా, ఇంకేం కావాలమ్మా అన్నాడు. టక్కుమన్నంత మాత్రాన పట్టున్నట్టు కాదని ప్రెస్ బటన్లు కుట్టేదానికి చెప్పాలా? రెండు ప్యాకెట్లవి కలిపితే నాలుగు ఉతుకులకే వదులు. ఇక్కడ వదులైతే వేడెక్కి కాలుతుంది. ఒకే కంపెనీవి తెప్పించాను. గొణిగాడు.

మార్చి 11
దూరం పెరిగేకొద్దీ వైరు లావుండాలి, లేకపోతే దారిలోనే వోల్టేజ్ పడిపోతుందని బాబాయిగారి మాట. మేడ మీద నుంచి బ్యాటరీ దాకా టేపు పెట్టాను. పదమూడు మీటర్లు. చార్ట్ చూస్తే నాలుగు ఎస్‌క్యూ ఎంఎం లావు వైరు సరిపోతుంది. కొనేశాను.

మార్చి 13
బిగించాను. పైన ముప్పై ఆరు. కింద ముప్పై నాలుగు కూడా లేదు. సిలిండర్ పక్కన పెట్టుకుని, మెయిన్ ఆపేసి, తొమ్మిదింటి నుంచి అత్తయ్య మెషీన్ దాని మీదే నడిపాను. మూడింటికే బ్యాటరీ అయిపోయిందని ఇన్వర్టరు కుయ్యోమంది. పరిగెత్తి మెయిన్ వేశాను.

మార్చి 14
బాబాయిగారు నా లెక్క చూసి చాలాసేపు నవ్వారు. కరెంటు వెళ్ళి ఊరుకోదమ్మా, తిరిగి రావాలి, రెండు దారులూ లెక్కే అన్నారు. పదమూడు కాదు, ఇరవై ఆరు.

బట్టని మడత మీద కొలుస్తాం. సగం కొలిచి కత్తిరిస్తే, విప్పినప్పుడు నిండు గుడ్డ అవుతుంది. ముప్పై ఏళ్ళ అలవాటు. ఎరుపు, నలుపు వైర్లు రెండూ కొన్నాను, లెక్క మాత్రం ఒక్కదానికే వేశాను. సిగ్గుగా ఉంది. అంతకంటే ఆశ్చర్యంగా ఉంది. అక్కడెక్కడో వెలుగు పుట్టించిన కరెంటు మా ఇంటి గుమ్మం దాకా వచ్చి, పని చేసి, మళ్ళీ పైకి వెళ్తుందన్నమాట.

మార్చి 15
పది ఎస్‌క్యూ ఎంఎం వైరు, దానికి తగ్గ కనెక్టర్లు. మూడో షాపులో దొరికాయి.

మార్చి 17
కొత్త వైరు బిగించాక కింద ముప్పై ఐదు దాటింది. చూపించమని అత్తయ్య పేచీ. గోడ పట్టుకుని వచ్చి వైరు తడిమారు. చల్లగా ఉందేమిటే, ఇందులో నిజంగా ఎండ ఉందా అని అడిగారు. ఉందన్నాను. నాకే నమ్మశక్యం కాలేదు.

మార్చి 18, ఉదయం 9
ఫ్యాన్ ఆగింది. మెషీన్ ఆగలేదు.

మార్చి 18, ఉదయం 11:40
మబ్బు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇన్వర్టరు పక్కనే కూర్చున్నాను. కూయలేదు. పావుగంటకి ఎండ వచ్చింది. సూర్యుడి దగ్గర ఎనిమిది నిమిషాల క్రితం బయల్దేరిన వెలుగు మా అత్తయ్యకి ఊపిరవుతోంది. ఆవిడేమో అన్నంలో ఉప్పు తక్కువైందని చీవాట్లు పెడుతున్నారు.

మార్చి 18, సాయంత్రం 5
అత్తయ్య నిద్రపోతున్నారు. సిలిండర్ సీలు కూడా తీయలేదు. ఊపిరి వెళ్తోంది. వస్తోంది. రెండు దారులూ లెక్కపెడుతున్నాను.