ఏడు గదులకూ ఒకటే గొంతు

రాయచోటి,
నవంబరు 9

ప్రియమైన హర్షిణికి,

చేతిలో ఫోను పెట్టుకుని అమ్మ ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటావు. నవ్వుకో. ఫోనులో మాట్లాడితే ఈ ఇంట్లో వినని మనిషి ఉండడు. ఇంకో కారణం కూడా ఉంది, అది చివర్లో చెప్తా.

దసరాకు ముందు నువ్వూ అల్లుడూ వచ్చి కొత్తింట్లో పెట్టిపోయిన స్పీకర్లు శానా బాగా పని చేస్తున్నాయి. నా బాధంతా అదే. తెల్లవారి అయిదుకు మీ నాయన లేచి ఫోను నొక్కితే ఏడు గదుల్లో ఒకేసారి స్తోత్రం మొదలవుతుంది. ఆరింటికి వార్తలు. ఏడింటికి ఆ వార్తల మీద పోట్లాట. ఎనిమిదింటికి మార్కెట్ యార్డులో మీ నాయన ఇచ్చిన ఉపన్యాసం వీడియో. హాల్లో పెద్ద టీవీలో ఏ బొమ్మ వస్తే నా గదిలో చిన్న టీవీలో కూడా అదే బొమ్మ. వంటింట్లో పోపు చిటపటలు వినపడక రెండుసార్లు మాడగొట్టినా. స్నానాల గదిలో పెట్టకుండా వదిలేసినారు, మీకు పుణ్యముంటుంది.

నా గదిలోదన్నా ఆపుదామంటే అది పైకప్పులో ఉంది, స్విచ్చు లేదు. మిషన్లు పెట్టిన అల్మారా తాళంచెవి మీ నాయన మొలతాడుకు కట్టుకున్నాడు. అందుకని అడుగుతున్నా, నా గదిని ఆ గుంపులోనుంచి విడదీయి.

ఇప్పుడు ఆ రెండో కారణం. నేను ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టినా. మార్చిలో పరీక్షలు. తొమ్మిదో తరగతి మధ్యలో పెళ్లి చేసి పంపించినారు కదా, ఎక్కడ ఆగిపోయిందో అక్కడినుంచే మొదలుపెట్టినా. పాఠాలన్నీ వీడియోల్లో ఉన్నాయి. ఫోనులో ఆ లెక్కలు నా కళ్లకు ఆనవు, టీవీలో అయితే అంకెలు పెద్దగా కనిపిస్తాయి. వంటకు ఈరక్క వచ్చేలోపల, అయిదు నుంచి ఏడు దాకానే నాకు తీరిక. సరిగ్గా అప్పుడే ఈ గోల. పరీక్షలో మూడు గంటలు రాయాలి, చూస్తే చెయ్యి మొద్దుబారిపోయింది. అందుకే నీకు ఉత్తరాలు. పరీక్షలో రాసే తెలుగులోనే రాయాలని చూస్తున్నా, మధ్యలో మన మాట దూరితే సర్ది చదువుకో.

యాభై ఏళ్లకు ఇదంతా ఎందుకమ్మా అని మాత్రం అడగొద్దు. ఏడు గదుల్లో స్పీకర్లు ఎందుకని మీ నాయనను ఎవరూ అడగలేదు. హాల్ టికెట్టు వచ్చేదాకా ఆయనకు చెప్పకు.

ఆశీర్వాదాలతో,
అమ్మ


కర్నూలు,
నవంబరు 20

ప్రియమైన అమ్మకు,

ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను. సుధీర్‌కు కూడా చదివి వినిపించాను. మా ఇద్దరికీ చాలా సంతోషంగా ఉంది.

కానీ నాయన పని ఒప్పజెప్పేటప్పుడే ఒక మాట చెప్పాడమ్మా, ఇల్లంతా తన ఒక్కడి చేతిలోనే ఉండాలని. నీ గది విడదీస్తే ఆయనకు వెంటనే తెలిసిపోతుంది, ఎందుకని అడుగుతాడు. మహానందిలో ఆయన స్నేహితుడు లాడ్జి కడుతున్నాడు కదా, ముప్పై గదులకు టీవీలూ స్పీకర్లూ పెట్టే పని మాకే ఇప్పిస్తానని నాయన అన్నాడు. ఇక్కడ ఎవరింటికి పోయినా నన్ను నిచ్చెన పట్టుకోవడానికి వచ్చిన మనిషనుకుని సుధీర్‌తోనే మాట్లాడతారు. ఆ లాడ్జి పని నా పేరు మీద చేస్తే ఇక ఆ బాధ ఉండదు. ఈ టైములో ఆయనతో గొడవ వద్దనిపిస్తోంది.

మార్చి దాకా ఎలాగో సర్దుకో. చెవుల్లో పెట్టుకునేవి పంపుతున్నాను, బయటి చప్పుడు కొంత తగ్గుతుంది.

ప్రేమతో,
హర్షిణి


రాయచోటి,
డిసెంబరు 2

హర్షిణికి,

ప్రియమైన అని ఈసారి రాయలేదు, చూసుకో.

సర్దుకో అని నా పెళ్లినాడు మా అమ్మ చెప్పింది. నువ్వు పుట్టినప్పుడు, ఆడపిల్లని అందరూ మొగాలు ముడుచుకుంటే, మీ అవ్వ చెప్పింది. ఇప్పుడు నువ్వు చెప్తున్నావు. నువ్వన్నా వేరే మాట నేర్చుకుని ఉంటావనుకున్నా. నువ్వు పంపినవి చెవుల్లో నిలవలేదు, తిరిగి పంపుతున్నా.

నా ప్రయత్నం నేను చేసినా. మంచం మీద స్టూలు వేసుకుని ఎక్కి, ఆ స్పీకరుకు దిండు గలీబు అడ్డం పెట్టి నల్ల టేపుతో అంటించినా. ఈరక్క స్టూలు పట్టుకుంది. రెండు రోజులు బాగానే ఉండింది. మూడోనాడు మీ నాయన కళ్లద్దాలు వెతుక్కుంటూ నా గదిలోకి వచ్చినప్పుడు అది ఊడి ఆయన భుజం మీద పడింది. పైకి చూసినాడు, కిందికి చూసినాడు, బల్ల మీద లెక్కల పుస్తకం చూసినాడు. ముందు నవ్వినాడు. తర్వాత నవ్వు పోయింది.

"ఈ వయసులో పదో తరగతా? ఫెయిలైతే పదిమందిలో మొగం యాడ పెట్టుకోవల్ల నేను?" అన్నాడు.

"పాసైతే యాడ పెట్టుకుంటావు?" అని అడిగినా.

కళ్లద్దాలు వెతుక్కోకుండానే వెళ్లిపోయినాడు. పుస్తకాలు లాక్కోలేదు, తిట్టలేదు, ఆ మాట కూడా రాయాలి. కానీ మరుసటి రోజునుంచి నా టీవీలో పాఠం పెట్టిన రెండు నిమిషాలకు ఆయన వార్తలు వచ్చి కూర్చుంటున్నాయి. నేను మార్చితే హాల్లో కూర్చుని ఆయన మళ్లీ మార్చుతాడు. గొంతు కూడా పెంచినాడు. వర్గ సమీకరణాల దగ్గర ఆగిపోయి తొమ్మిది రోజులైంది.

నీ లాడ్జి నీకు ముఖ్యమే, కాదనను. నా పరీక్ష నాకు ముఖ్యం. నువ్వు విడదీయకపోతే నేనే ఆ వైర్లు తెంపుతా. ముందే చెప్తున్నా, తర్వాత రిపేరుకని నన్ను పిలిపించినావేమని అనొద్దు.

అమ్మ


కర్నూలు,
డిసెంబరు 8

ప్రియమైన అమ్మకు,

నువ్వు రాయకపోయినా నేను రాస్తాను. సర్దుకో అన్నందుకు సిగ్గుపడుతున్నాను. రెండు రోజులు సుధీర్ ముఖం కూడా చూడలేకపోయాను.

వైర్లు తెంపొద్దు, అవసరం లేదు. మన ఇంటి పని కాగితాలు తీసి చూశాను. ఆ సిస్టమ్‌కు ఒక్కరే ఓనరు ఉంటారు. మిగతావాళ్లకు ఓనరు అనుమతి ఇస్తేనే వాడుకునే హక్కు. పెట్టిన రోజు సుధీర్ ఏ నంబరు ఎక్కించమంటారని నాయనను అడిగాడట. ఓటీపీల గోల నాకొద్దప్పా, ఆమె నంబరు పెట్టు అన్నాడట. కరెంటుకూ, గ్యాసుకూ, ఇంటర్‌నెట్‌కూ నీ నంబరే కదా ఇచ్చేది. ఆయన గేటు దగ్గరినుంచి కేకేస్తాడు, నువ్వు అంకెలు చదివి చెప్తావు. దీనికీ అలాగే చెప్పి ఉంటావు, నీకు గుర్తు కూడా ఉండదు.

అమ్మా, ఆ ఏడు గదులకూ ఓనరువి నువ్వే. నాయన ఫోనులో ఉన్నది నువ్విచ్చిన అనుమతి.

నీ ఫోనులో ఆ యాప్ వేసుకుని నీ నంబరు కొట్టు. ఓటీపీ వస్తుంది. ఈసారి దాన్ని ఎవరికీ చదివి వినిపించొద్దు. లోపల గదుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. నీ గది పేరు మీద నొక్కి గుంపులోనుంచి తీసెయ్యి, స్పీకరూ టీవీ రెండూ నీవైపోతాయి. మిగతా ఆరు గదుల సంగతి నీ ఇష్టం. ఎవరు చెప్పారని నాయన అడిగితే నా పేరే చెప్పు.

ప్రేమతో,
హర్షిణి


రాయచోటి,
జనవరి 6

ప్రియమైన హర్షిణికి,

నువ్వు చెప్పినట్టే చేసినా. వచ్చిన అంకెలు నేనే చదువుకుని నేనే కొట్టినా. నా పేరు కింద ఓనరు అని ఉంటే ఈరక్కను పిలిచి చూపించినా. అన్న పేరు తీసేయక్కా అంది అది. తీసేయలేదు. ఆయన గొంతు ఆయనది, నా గదిలోకి రాకుంటే చాలు. మూడు వారాలు అయిదు నుంచి ఏడు దాకా నా పాఠం తప్ప ఇంకో చప్పుడు వినలేదు.

రోజూ అన్నిటికీ కలిపి ఒకటే నొక్కుతాడు, గదుల పేర్లు చూడడు కాబట్టి ఆయనకు మొన్నటిదాకా తెలియలేదు. కొత్త ఉపన్యాసం అన్ని గదుల్లో పెట్టబోతే నా గది పేరు రాలేదంట. అల్లుడికి ఫోను చేసినాడు, అల్లుడు ఉన్నదున్నట్టు చెప్పినాడు. అప్పుడు హాల్లో పదిమంది ఉన్నారు. ఆయన వెంట తిరిగే వీరభద్రను నా గది దగ్గరికి పంపి ఫోను తెమ్మన్నాడు. నేనే తెస్తానని చెప్పినా.

హాల్లో మగవాళ్లు కూర్చుంటే మనింట్లో ఆడవాళ్లు గడప దాటి పోరు, నీకు తెలుసు. కాఫీ కూడా గడప దాకానే. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో నోటుబుక్కు పట్టుకుని గడప దాటినా.   కూర్చున్నవాళ్లంతా లేచి నిలబడినారు. నేను పోయి సోఫాలో కూర్చున్నా.

"ఫోనియ్యి," అన్నాడు మీ నాయన.

"ఇయ్యను. దీంట్లో ఓనరని నా పేరుండాది. నువ్వే పెట్టించినావు," అన్నా.

ఆయన ఏమంటాడో అని ఆగలేదు. పెద్ద టీవీలో వర్గ సమీకరణాలు పెట్టినా. నలభై నిమిషాల పాఠం. ఆయన లేచి పోలేదు కాబట్టి మిగతావాళ్లూ పోలేక మళ్లీ కూర్చున్నారు. నేను రాసుకుంటూ పోయినా. అయిపోయినాక వీరభద్ర ఆ రెండో లెక్క ఇంకోసారి పెట్టమ్మా అని అడిగినాడు, పెట్టినా. మీ నాయన రెండు రోజులుగా నాతో మాట్లాడలేదు. నువ్వే చెప్పినావని ఆయనకు తెలుసు, నేను దాచలేదు.

ఆశీర్వాదాలతో,
అమ్మ


కర్నూలు,
మార్చి 3

ప్రియమైన అమ్మకు,

జవాబు ఆలస్యమైంది. లాడ్జి పని వేరేవాళ్లకు పోయింది. నాయన ఫోను చేసి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టేశాడు. ఒక రోజంతా ఏడ్చాను. తర్వాత బద్వేలు పోయి నా అంతట నేనే ఒక పని మాట్లాడుకున్నాను. ఒక టీచరమ్మ ఇల్లు, రెండే గదులు. నిచ్చెన నేనే ఎక్కాను. ఓనరుగా ఎవరి నంబరు పెట్టాలని అందరికన్నా ముందు ఆమెనే అడిగాను. ఇకమీదట ఏ ఇంట్లోనైనా అలాగే అడుగుతాను, పని పోతే పోనీ. నా గురించి బాధపడుతూ పరీక్షకు పోవద్దు.

రెండు పెన్నులు పంపుతున్నాను. వచ్చిన లెక్కలే ముందు చెయ్యి.

ప్రేమతో,
హర్షిణి


రాయచోటి,
ఏప్రిల్ 25

ప్రియమైన హర్షిణికి,

ఫలితాలు వచ్చినాయి. తెలుగు, సాంఘికం, సైన్సు, గృహవిజ్ఞానం పాసైనా. లెక్కల్లో పోయింది. ముప్పై ఒకటి వచ్చినాయి, ముప్పై అయిదు రావాలి.

ఫోనులో ఆ అంకె చూసి తలుపు వేసుకుని కూర్చున్నా. సిగ్గయింది. మీ నాయన అన్న మాటే నిజమైంది కదా అని కుళ్లి కుళ్లి ఏడ్చినా. బయట వసారాలో జనం ఉన్నారు, సాయంత్రానికి ఎట్లాగూ ఊరంతా తెలుస్తుంది. ఒకరి చెవిలో ఒకరు చెప్పుకుని నవ్వే ముందు నేనే చెప్తే పోయేదేముందని లేచినా. ఆ యాప్‌లో మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే అన్ని గదుల్లో వినపడుతుందని ఈ మధ్యే కనుక్కున్నా. ఏడు గదులూ కలిపి నొక్కినా.

"నాగలక్ష్మమ్మను మాట్లాడతాండా. పదో తరగతిలో నాలుగు పాసైనా, లెక్కల్లో ఫెయిలైనా. మళ్లీ రాస్తా. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి. రేపట్నుంచి నేను చదువుకోవల్ల, ఈడ గలాటా వద్దు."

 వంటింట్లో ఈరక్క చేతిలో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినపడింది. ఎవరూ నవ్వలేదు.

కొంచెంసేపటికి మీ నాయన వచ్చినాడు. తలుపు తట్టి వచ్చినాడు, ఇన్నేళ్లలో అదే మొదలు. మంచం అంచున కూర్చుని ఎన్ని మార్కుల్లో పోయిందని అడిగినాడు. నాలుగని చెప్పినా. తల గోక్కున్నాడు. పదిమందిలో పలుచన అయినానని అంటాడేమో అనుకున్నా, ఆ మాట అనలేదు.

"నాలుగే కదా. పై ఆఫీసులో మనోళ్లు ఉండారు. ఒక మాట చెప్పి ఎక్కిస్తా, ఏడవద్దు," అన్నాడు.

నిజం చెప్తున్నా, ఆ మాటకు నా మనసు కరిగింది. ఆయనకు తెలిసిన ప్రేమ అదొక్కటే. అయినా తల అడ్డంగా ఊపినా.

"వద్దు. ఫెయిలయింది నేను. పాసయ్యేది కూడా నేనే."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి పోయినాడు. సప్లిమెంటరీకి నిన్ననే కట్టినా. పొద్దున అయిదుకు పాఠం పెట్టుకున్నా, తప్పిన లెక్క దగ్గరినుంచే.

ఆశీర్వాదాలతో,
అమ్మ