ఆది జాకెట్టు

నారాయణపేట, జూన్ 2020

ప్రియమైన సుమనక్కా,

సుఖమెక్కువై లావయ్యానని ఇంట్లో అందరూ తేల్చేశారు. "కూసోని తింటె గిట్లనే ఐతది" అంటుంది అమ్మ. హైదరాబాద్‌లో నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియక, బాపు దగ్గితే కరోనానేమోనని, భయమేసినప్పుడల్లా వంటింట్లోకి వెళ్తున్నానని ఎవరికీ తట్టదు. బాపు అంగీకి కూడా గుండీలు పట్టడం లేదు. ఆయన్ని మాత్రం "జర నిండుగైండు" అంటారు.

మాఘంలో నన్ను చూసి ఖాయం చేసుకున్న కృష్ణకాంత్ వాళ్లు లాక్‌డౌన్‌తో మళ్లీ రాలేదు. వీడియో కాల్ వస్తే అమ్మే ఫోన్ పట్టుకుని నన్ను మెడ దాకే చూపిస్తుంది. ఇప్పుడు వాళ్లు పెళ్లి జాకెట్లు కుట్టించడానికి కొలతకని ఆది జాకెట్టు అడిగారు. అమ్మ నా డిగ్రీనాటిది పంపేసింది. "పెండ్లికి శ్రావణం దాక టైముంది, నువ్వే అందుల పడ్తవ్ తియ్" అంది. అప్పట్నుంచి నాకు రాత్రి అన్నం బంద్.

మీ గూడెంలో సిగ్నల్ ఉంటే ఫోన్‌లోనే ఏడ్చేదాన్ని.

నీ స్నిగ్ధ

అమ్రాబాద్, జూలై

చిన్నీ,

మందుల ఆటోలో నీ ఉత్తరం వెనకే అమ్మది కూడా వచ్చింది. నువ్వు బావి దగ్గర కళ్లు తిరిగి పడ్డావట. సన్నబడటానికి ఏ వేరో మూలికో అడవిలో దొరుకుతుందా అని అడిగింది. నేను నర్సునని మరిచిపోయినట్టుంది. ముందు కడుపునిండా తిను.

జాకెట్టు సంగతి మాత్రం కదపకు. దర్జీలు లోపల బట్ట వదులుతారు, పెళ్లయ్యాక కుట్లు విప్పించుకోవచ్చు. కృష్ణకాంత్ వాళ్లమ్మ సుహాసిని పట్టింపుల మనిషని విన్నాను. మంచి సంబంధం, నోటితో పోగొట్టుకోకు.

మీ అక్క

నారాయణపేట, జూలై చివర

అక్కా,

తింటున్నాను. నీ రెండో మాట వినలేదు.

నిన్న కాల్ వస్తే అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని, కిటికీకి ఆనించి, నిలువెల్లా కనపడేంత దూరంలో నిలబడ్డాను. "అత్తమ్మా, మీకొచ్చిన జాకెట్టు పాతది. నేను గిప్పుడు గిట్లున్న" అన్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నన్ను పైనుంచి కింద దాకా చూసింది.

"బట్టలు కత్తిరిచ్చినం గద బిడ్డా."

పక్కనుంచి కృష్ణకాంత్ ఏదో అనబోతే ఆగమంది. "మల్ల జెప్తం" అని పెట్టేశారు.

అమ్మ నాతో మాట్లాడటం లేదు. బాపు మాత్రం అన్నం గిన్నె నా వైపు జరిపి, తన అంగీ పై గుండీ విప్పుకుని కూర్చున్నాడు.

నాకిప్పుడు పట్టే జాకెట్టును ఇవాళ పార్సిల్ చేశాను. కుట్టిస్తారో, వద్దంటారో వాళ్లిష్టం. ఆ పాత జాకెట్టు కోసం నేను పస్తుండను.

స్నిగ్ధ