కొమ్మ కట్టని సైకిలు

దావీదూ, నువ్వు పోయి ఏడాదైందని నీ సైకిలు బాగుచేయించి, ఆత్మకూరు నుంచి మనం ఎప్పుడూ వెళ్లే వెలిగొండల దారినే బయల్దేరాను. రెండు రాత్రులు అడవిలోనే పడుకున్నాను. ఉదయగిరి వైపు ఆఖరి దిగుడులో, కట్టెలవాళ్లు చేసినట్టే, వేగం అదుపులో ఉండడానికి క్యారియర్‌కు పెద్ద కొమ్మ కట్టి ఈడ్చుకుంటూ దిగాను.

పోయినేడు అక్కడే నీకూ ఒక కొమ్మ నరికి ఇచ్చాను. "కొత్త బ్రేకులురా, కొమ్మెందుకు? ముసిలోడి మాదిరి ఉండావే" అని నవ్వి విసిరేశావు. లోయలోంచి నిన్ను మోసుకొచ్చింది ఆ కట్టెలవాళ్లే.

ఈసారి కొమ్మ సగానికి అరిగింది. నాకు గీత కూడా పడలేదు. మీ ఇంటికి చేరితే, మీ నాయన సైకిలు నిమిరి, "వాడూ ఇట్టా దిగుంటే ఏం పోయేదిరా" అన్నాడు. నీ మీద ఒళ్లు మండింది. ఆ కొమ్మ తెచ్చి నీ సమాధి మీద పారేశాను.

ఇప్పుడు నవ్వు.