మట్టయ్య సాక్ష్యం

వాడపల్లి,
నవంబరు 6.

తమ్ముడు మట్టయ్యకు, నిన్ను చంకనేసుకుని తిప్పిన అక్క రుక్కమ్మ దీవించి రాసేది.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. నా చెవుల సంగతి నీకు తెలిసిందే. కుడిది పూర్తిగా పోయింది. ఎడమ చెవికి నోరు ఆనించి చెబితే కొంచెం అందుతుంది. కాబట్టి ఫోన్ చేయొద్దు. పోయినసారి నువ్వు చాలాసేపు మాట్లాడావట, నేను అన్నిటికీ "మంచిది" అన్నానట. దేనికి ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలియదు.

తమ్ముడూ, నేను బాప్తిస్మం తీసుకుంటున్నాను. మీ బావ పోయినప్పటి నుంచి ఇక్కడి ప్రార్థన మందిరానికి పోతున్నానని నీకు తెలుసు. డిసెంబరు రెండో ఆదివారం పొద్దున, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట. ఆ వేళకు నీళ్ళ మీద పొగమంచు పరుచుకుని ఉంటుంది. ఏది మూసీయో ఏది కృష్ణో తెలియదు, ఎక్కడ ఒడ్డు అయిపోయిందో కూడా తెలియదు. చూస్తూ నిలబడితే, ఇంకా నిద్ర లేవలేదేమో అనిపిస్తుంది.

పుట్టింటి వైపు నాకు మిగిలింది నువ్వు ఒక్కడివే. నమ్మమని అడగను. వచ్చి ఒడ్డున నిలబడు, చాలు.

మరదలు కౌసల్యను అడిగానని చెప్పు.

మీ అక్క

తా.క.: నీకు కోపం వస్తుందని పాస్టర్ దేవదాసు గారికి ముందే చెప్పాను. ఆయన జవాబును ఆయన భార్య అన్నమ్మ నా చెవిలో వేసింది. "కోపమొస్తే మంచిదేనమ్మా, పట్టించుకుంటున్నడనే గదా."


సూర్యాపేట,
నవంబరు 11.

అక్కకు, తమ్ముడు మట్టయ్య నమస్కారం చేసి రాసేది.

నాకు కోపం రాలేదు. ఈ వాక్యం మూడుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను, అంతే.

నా సంగతి నీకు తెలుసు. ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా ఉద్యోగమంతా ఈ హైవే మీదే గడిపాను. బోల్తా పడ్డ లారీ దగ్గర డ్రైవర్ చెప్పింది, క్లీనర్ చెప్పింది, రోడ్డు మీద టైరు గీసిన గీత చెప్పింది ఒకటైతే తప్ప సంతకం పెట్టలేదు. మన ఇంటి దేవుణ్ణే నేను ఒప్పుకోలేదు, నాన్నతో తిట్లు కూడా తిన్నాను. ఇప్పుడు చనిపోయిన మనిషి మూడోనాడు లేచాడంటున్నారు. అది చిన్న క్లెయిమ్ కాదు. ఎగతాళి చేయను. ఆ నాలుగు సువార్తలూ తెప్పించుకుని చదువుతాను. కానీ సాక్ష్యం ఉంటేనే వస్తాను. సాక్ష్యం లేకుంటే గడప దాటను. ఈ మాట మీ పాస్టర్ గారికి స్పష్టంగా చెప్పు.

ఈ ఉత్తరం చదివి కౌసల్య ఏమందో కూడా రాస్తాను, దాచడం నాకు అలవాటు లేదు. "ఆమె పిలిసింది నిలబడనీకి. నువ్వు పోకముందే కేసు పెడుతున్నవ్."

నీ తమ్ముడు
మట్టయ్య

తా.క.: చలికాలం నదిలో మునగడమంటే ఆరోగ్యానికి మంచిది కాదు. ఉన్ని రగ్గు ఒకటి పార్సిల్ చేస్తున్నాను. దీనికీ మతానికీ సంబంధం లేదు.


వాడపల్లి,
నవంబరు 16.

నా తమ్ముడికి, సంతోషంతో చెయ్యి ఆగని అక్క రాసేది.

సాక్ష్యం ఉంటేనే వస్తానన్నావు. ఎందుకుండదురా. నీ ఉత్తరం చూపించగానే అన్నమ్మ కళ్ళు తుడుచుకుని అందరినీ పిలిచింది. మా దగ్గర సాక్ష్యమంటే ఒక మనిషి లేచి దేవుడు తన జీవితంలో ఏం చేశాడో నలుగురికీ చెప్పడం. నువ్వు అది చెప్పనిదే గడప కూడా దాటనన్నావంటే పాస్టర్ గారే కాసేపు కుర్చీలో కూలబడ్డారు. నీకు అరగంట ఇచ్చారు. మిర్యాలగూడ నుంచి కూడా జనం వస్తారట. కోదాడలో ఫ్లెక్సీ కొట్టిస్తున్నారు. నీ ఫోటో కావాలంటే రిటైర్మెంట్ నాటి పూలదండ ఫోటో ఇచ్చాను.

నేను ఎలా నమ్మానని నువ్వు అడగలేదు కానీ చెబుతాను. చెవులు పోయాక నాతో మాట్లాడటం అందరికీ బరువైపోయింది. పలకరించి, నేను "ఆఁ?" అనగానే "ఏం లేదులే" అని వెళ్ళిపోతారు. మందిరంలో మొదటిరోజు అన్నమ్మ నా అరచెయ్యి పట్టుకుని ముందున్న బల్ల మీద పెట్టింది. వాళ్ళు పాడుతుంటే పాట చెక్కలోంచి నా చేతికొచ్చింది. సన్నగా, చీమలు నడిచినట్టు. ఇంటికొచ్చి పడుకున్నా అరచేతిలో పాడుతూనే ఉంది. ఇది రుజువు కాదని నాకూ తెలుసు. నా దగ్గర ఉన్నది ఇదే.

మీ అక్క

తా.క.: ఫ్లెక్సీ మీద నీ పక్కన పావురాన్ని వేశారు. ఇద్దరిలో పావురమే కొంచెం నవ్వుతున్నట్టుంది.


సూర్యాపేట,
నవంబరు 24.

అక్కకు, నెత్తి పట్టుకుని కూర్చున్న తమ్ముడు రాసేది.

నేను అడిగిన సాక్ష్యం రుజువు. కోర్టులో అడిగేది. మీ సాక్ష్యం వేరని నాకేం తెలుసు? కోదాడ బస్టాండ్ దగ్గర ఆ ఫ్లెక్సీ చూసి మా పాత ఆఫీసు రాజ్‌కుమార్ ఫోన్ చేశాడు. మా హేతువాద సంఘానికి అతను కార్యదర్శి, నేను అధ్యక్షుణ్ణి. "నువ్వు పోయినవంటే సంఘంల నేనొక్కన్నే మిగుల్త. కోరం ఎట్ల?" అని నిజంగానే పరేషాన్ అయ్యాడు.

మాటిచ్చాను కాబట్టి చదవడం చదివాను. సర్వేయర్‌గా నాకు తోచింది రాస్తున్నాను. సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళు ఎందరన్న దానిలో సువార్తలు రాసిన నలుగురి మాటా కలవదు. లోపల కనిపించిన దేవదూతలు ఒకరా ఇద్దరా అన్నదీ కలవదు. ఇది వాళ్ళకు వ్యతిరేకమని మొదట రాసుకున్నాను. తర్వాత కొట్టేశాను. సాక్షులందరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే చెబితే లారీ ఓనర్ ముందే నేర్పించాడని అర్థం. తేడా ఉంటేనే నేను కూర్చుని వినేవాణ్ణి. కానీ రాసింది జరిగిన చాలా ఏళ్ళకు. రాసినవాళ్ళు అప్పటికే నమ్మినవాళ్ళు. నా ఆఫీసులో ఈ ఫైలు ముందుకు కదలదు. పైగా ఒకచోట ఆ ఆడవాళ్ళు భయపడి ఎవరికీ చెప్పలేదని ఉంది. ఎవరికీ చెప్పకపోతే రాసినవాడికి ఎలా తెలిసింది?

ఇంకొకటి. నమ్మనన్న శిష్యుడొకడికి గాయాలు ముట్టుకుని చూడమని అవకాశం ఇచ్చారు. నేనూ అదే కదా అడిగేది. నాకెందుకు లేదు?

ఇవన్నీ చదివి మధ్యాహ్నం కునుకు తీస్తే కల వచ్చింది. తోటలో తెల్లవారుతోంది. నేను టేపు పట్టుకుని పెద్ద రాయిని కొలుస్తున్నాను. కొలిచిన ప్రతిసారీ టేపు మీద అంకెలు మంచులా కరిగిపోతున్నాయి. అవతల ఎవరో మొక్కలకు నీళ్ళు పోస్తూ, తొందరేం లేదు కూర్చోమన్నాడు. పేరూ ఊరూ అడిగి రాసుకుందామనుకునే లోపల కౌసల్య టీ తెచ్చింది. లేచాక కూడా చాలాసేపు మట్టి తడిసిన వాసన.

కల సాక్ష్యం కాదు. అక్కడ లేచి నేను మాట్లాడను.

మట్టయ్య

తా.క.: ఫ్లెక్సీలో నా పేరు 'మిట్టయ్య' అని పడిందట. దిద్దించకు.


వాడపల్లి,
నవంబరు 30.

తమ్ముడికి అక్క రాసేది.

తప్పు నాదే. నీ మాట నాకు అర్థమైనట్టు విన్నాను. చెవిటిదానికి ఉత్తరాలు కూడా సరిగ్గా వినపడవని ఇప్పుడు తెలిసింది.

నీ ప్రశ్నల్లో ఒకదానికి మాత్రం నేను జవాబు చెప్పగలను. మా వీధి రాములమ్మ తన కోడలి సంగతి ఎవరికీ చెప్పలేదు. అది వాడపల్లి అంతటికీ తెలుసు, మిర్యాలగూడలో కూడా కొందరికి తెలుసు. ఆడవాళ్ళు భయపడి ఎవరికీ చెప్పలేదంటే ఎందరికి చెప్పి ఉంటారో కౌసల్యను అడుగు.

నీకెందుకు ముట్టుకోనివ్వలేదన్నావు. నన్నూ ముట్టుకోనివ్వలేదురా. నాకు దొరికింది ఆ బల్ల ఒక్కటే.

సాక్ష్యం లేదని పాస్టర్ గారికి చెప్పేశాను. ఆయన నవ్వి, "నమ్మకం లేదని సెప్పినా సాక్ష్యమే. ఉన్నదున్నట్టు సెప్తే సాలు" అన్నారట. వస్తావో రావో నీ ఇష్టం. నీ మాటలకు నేను బాధపడలేదు. చిన్నప్పుడు కూడా చందమామను చూపిస్తే ఎంత దూరమని అడిగేవాడివి.

మీ అక్క

తా.క.: మిట్టయ్య గారెవరని మిర్యాలగూడవాళ్ళు అడిగితే, ఆయన వేరు, మా తమ్ముడు వేరు అని చెప్పాను. ఇప్పుడు ఇద్దరికీ వంట చేస్తున్నారు.


సూర్యాపేట,
డిసెంబరు 12.

అక్కకు, ఇంకా తుమ్ముతున్న తమ్ముడు నమస్కరించి రాసేది.

ఆదివారం అక్కడ జరిగిందాంట్లో నీకు వినపడనిది చాలా ఉంది. అందుకే ఇది.

నన్ను లేవమన్నప్పుడు ఉన్నదున్నట్టే చెప్పాను. నేను నమ్మలేదని, తూకం వేస్తే ముల్లు ఇంకా ఊగుతూనే ఉందని, అది ఆగకముందే సంతకం పెట్టే అలవాటు లేదని చెప్పాను. మా అక్క నిలబడమంటే వచ్చానన్నాను. ప్రతి వాక్యానికీ జనం "ఆమెన్" అన్నారు. నమ్మలేదన్న దానికి మరీ గట్టిగా అన్నారు. నన్నెవరూ దిద్దలేదు, అదే నాకు ఆశ్చర్యం.

తర్వాత నది. నీ చెవిలో పాస్టర్ ప్రశ్న చెప్పాల్సిన అన్నమ్మ ఒడ్డున కాలు మడతపడి కూర్చుండిపోయింది. అందరూ నావైపు చూశారు. ప్యాంటు మడిచి దిగాను. మంచులో నువ్వు తెల్లచీరతో నడుము లోతు నీళ్ళలో ఉన్నావు, నీ కాళ్ళు ఎక్కడున్నాయో తెలియడం లేదు. క్రీస్తును నమ్ముతున్నావా అని అడగమన్నాడు పాస్టర్.

నీ చెవికి నోరు ఆనించాను. అక్కా, నాకు ఆ మాట రాలేదు. నాకు లేని నమ్మకం గురించి నిన్ను నేనెలా అడగను? నీ దవడ వణకడం చూశాను. నా నోటి నుంచి వచ్చింది ఇది.

"అక్కా, భయమైతుందా?"

నువ్వు "అవును" అన్నావు. ఊరంతా వినేలా అన్నావు. నాకు సిగ్గేసి ముఖం తిప్పుకుని, మంచుకు మసకబారిన కళ్ళజోడు తుడుచుకుంటున్నాను. అంతలో నువ్వు నా చెయ్యి పట్టుకున్నావు. పాస్టర్ నిన్ను ముంచాడు. నువ్వు వదల్లేదు. నేనూ మునిగాను.

నీళ్ళలో కళ్ళు తెరిచాను. అంతా ఆకుపచ్చగా ఉంది. ఎక్కడా చప్పుడు లేదు. నీ చీర కొంగు మెల్లగా నా ముఖం మీదుగా పోయింది. నీకు లోకమంతా ఎప్పుడూ ఇలాగే ఉంటుందేమో అనిపించింది. అక్కడ ఎంతసేపున్నామో నేను కొలవలేదు. కొలవాలని కూడా తోచలేదు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతున్నాను. నిన్ను అడగాల్సిన ప్రశ్న ఎవరూ అడగలేదు. పద్ధతి ప్రకారం నీ బాప్తిస్మం చెల్లదేమో. నా మూలంగా. రెండు రోజులుగా అన్నం సహించడం లేదు. ఈ సంగతి మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. మళ్ళీ చేయించుకోవాలంటే చెప్పు, ఈసారి అడగమన్నదే అడుగుతాను.

నీ తమ్ముడు
మట్టయ్య

తా.క.: కళ్ళజోడు కృష్ణలో పోయింది. దానికి ఇన్సూరెన్స్ లేదు.


వాడపల్లి,
డిసెంబరు 18.

నాతోపాటు తడిసిన తమ్ముడికి, అక్క దీవించి రాసేది.

అన్నం తిను.

మనిద్దరికీ తప్ప ఎవరికీ తెలియదన్నావు. పాస్టర్ గారి కాలర్‌కు మైకు ఉందిరా. మంచులో జనానికి కనిపించదని, కనీసం వినపడాలని పెట్టుకున్నారు. స్పీకర్లు ఒడ్డు పైకి తిప్పి ఉన్నాయి, నీకు నీ గుండె చప్పుడే వినపడి ఉంటుంది. నువ్వు అడిగింది మొత్తం జనానికి వినపడింది. వంతెన మీద సిమెంట్ లారీలవాళ్ళు కూడా ఆపి చూశారట. ఇదంతా అన్నమ్మ తర్వాత నా చెవిలో చెప్పింది, చెబుతూ ఏడ్చింది.

నువ్వు ముఖం తిప్పుకున్నప్పుడు పాస్టర్ గారు నా ఎదురుగా వచ్చి, గొంతు లేకుండా పెదవులు మెల్లగా కదిలిస్తూ తన ప్రశ్న అడిగారు. నేను తల ఊపాను. కాబట్టి అంతా చెల్లింది. కానీ తమ్ముడూ, ఆయన ప్రశ్నకు జవాబు నేను నెలల ముందే ఇంట్లో చెప్పేసుకున్నాను. నీ ప్రశ్న నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీ బావ పోయినప్పుడు కూడా ధైర్యంగా ఉండమన్నారే కానీ అడగలేదు. నిన్ను ముంచాలని పట్టుకోలేదు. నిజంగానే భయమేసి పట్టుకున్నాను.

నా తర్వాత నీళ్ళలోకి దిగింది మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసే జోసెఫ్. నువ్వు అప్పటికి రగ్గు కప్పుకుని వణుకుతున్నావు, చూడలేదు. పాస్టర్ గారు అతని భుజం మీద చెయ్యి వేసి, అన్నిటికంటే ముందు, "భయమైతుందా?" అని అడిగారు. అంత మనిషి తల దించుకుని "అయితుంది సార్" అన్నాడు. అప్పుడు పాస్టర్ గారు అతని చెయ్యి పట్టుకున్నారు. నిన్న ఆదివారం ఇంకొకామెనూ ముందు అదే అడిగారు.

నీ ముల్లు ఊగితే ఊగనీ. తొందరేం లేదు.

మీ అక్క
రుక్కమ్మ

తా.క.: వచ్చే నెల ఇంకో ఇద్దరు దిగుతున్నారు. చెవులు ఇద్దరికీ బాగానే ఉన్నాయి. అయినా అడగడానికి నువ్వే రావాలంటున్నారు.