కాటుక కంకులు, ఆకు ముడులు

ఇష్టెంకో, అక్టోబరు 9

నా బంగారు ఎలోదియాకు,

క్షేమంగా చేరాను. మీ పరిశోధనశాలలో అందరూ నన్నెంత బాగా చూసుకున్నారో! వాళ్ల కడుపు చల్లగుండ. నువ్వు మీటింగులో ఉంటే ఊరికే కూర్చోలేక గ్రీన్‌హౌస్‌లోకి వెళ్లాను. చూద్దును కదా, మొక్కజొన్న కంకులకు కాటుక తెగులు పట్టి, బూడిదరంగు బుడిపెలు ఇంతింత లావున ఉబ్బి ఉన్నాయి! మనం కూర వండుకునే ఈ బుడిపెలు, అదే వీట్లకోచే, మన చేలో ఏనాడైనా ఇంత కాసిందా? ఇంకో రెండ్రోజులాగితే నల్లపొడై రాలిపోవూ?

బుట్టెడు కోసి, ఉల్లిపాయా పచ్చిమిరపకాయా వేసి వేయించి, రొట్టెల్లో మడిచి అందరికీ పెట్టాను. మీ పెద్ద సారు డాక్టర్ ఆల్దామా మూడు తిన్నాడు. "ఎక్కడ దొరికిందమ్మా ఇంత మంచి సరుకు?" అన్నాడు. "మీ గ్రీన్‌హౌస్‌లోనే బాబూ" అన్నాను. నాలుగోది పళ్లెంలో పెట్టేశాడు. కారం ఎక్కువైందేమో పాపం.

బస్టాండులో నువ్వు నోరు విప్పలేదు. అలిసిపోయావనుకున్నాను. వేళకు తిను తల్లీ.

నీ అమ్మ

---

ఇరాపువాటో, అక్టోబరు 20

ప్రియమైన అమ్మకు,

మనూరి కొట్టులో ఉన్న ఫోన్‌కు చేస్తే ఊరంతా వింటుంది, పైగా నేను అరిచేస్తాను. అందుకే ఉత్తరం.

నువ్వు వండి పెట్టింది నా ఏడాది పని అమ్మా. ఒంట్లోకి బూజు చొరబడితే మొక్క ఊరుకోదు. లోపల కేక వేసి, చుట్టూ గోడ కట్టుకుంటుంది. ఈ కాటుక బూజు ఒక పదార్థాన్ని మొక్కలోకి వదిలి ఆ కేక నొక్కేస్తుంది. అప్పుడు మొక్క శత్రువుకే తిండి పెట్టి ఆ బుడిపెలు పెంచుతుంది. ఆ పదార్థం చేయలేని బూజును నేను తయారుచేశాను. ఎర్ర రిబ్బను కట్టిన ఇరవై మొక్కలకు మామూలు బూజు, తెల్ల రిబ్బను కట్టిన ఇరవైకి నాది, సూదితో ఎక్కించాను. మొక్క గెలుస్తుందా లేదా అన్నది బుడిపెలు కోసి తూచి చూడాలి. తూచే రోజు అక్టోబరు 12. నువ్వు ఎనిమిదినే కోసేశావు.

నిన్ను తిట్టలేను. మనూళ్లో కాటుక కంకి కంటపడ్డవాళ్లదే, చేనెవరిదని ఎవరూ అడగరు. గ్రీన్‌హౌస్ తలుపుకు తాళం వేయనిది నేనే. ఆ తలుపు మళ్లీ తీయడానికి నాకు మనసొప్పలేదు. నెలాఖరుకు మొక్కలన్నీ నరికేస్తారు. డిసెంబరులోగా ఫలితం చూపించకపోతే నా స్కాలర్‌షిప్ ఆగిపోతుంది, చదువూ ఆగిపోతుంది.

అయినా రొట్టెలు బాగున్నాయమ్మా. నిజంగానే.

ఎలోదియా

---

ఇష్టెంకో, అక్టోబరు 26

నా తల్లీ,

నా చేతులు విరిగిపోనూ! తిట్టి ఉంటే కాస్త తేలికపడేదాన్నే.

ఒక్కటి అడుగుతాను. నువ్వు మొక్కల వైపు అసలు చూడలేదా? కోసిన ప్రతి మొక్కకూ పై ఆకు ముడేశాను కదే! వెనకొచ్చేవాళ్లు ఊరికే వెతుక్కోకుండా, ఎంత కోసిందీ తెలిసేట్టు మనం వేయమూ? నిమ్మకాయంతకు ఒక ముడి, పిడికెడంతకు రెండు, అంతకు మించితే మూడు. ఎవరిదో గ్రీన్‌హౌస్ అయితే మాత్రం చేతి అలవాటు పోతుందా?

బుట్ట నిండింది ఎర్ర రిబ్బను వరుసలోనే. తెల్ల రిబ్బను వరుసలో అన్నీ శనగగింజంత పిసరంతవి. కూరకు పనికిరావని ముట్టుకోలేదు.

ఇది నీకు పనికొస్తుందో లేదో నాకేం తెలుసు! బస్సు డ్రైవరు చోన్ చేతికిస్తున్నాను, రేపటికల్లా అందుతుంది. పరుగెత్తు.

అమ్మ

---

ఇరాపువాటో, నవంబరు 15

ప్రియాతి ప్రియమైన అమ్మకు,

పరుగెత్తాను. తోటమాలి అప్పటికే కొడవలి పట్టుకుని నిలబడ్డాడు. కాళ్లావేళ్లా పడి ఆపాను.

ఎర్ర వరుసంతా ముడులే అమ్మా! తెల్ల వరుసలో ఒక్కటీ లేదు. డాక్టర్ ఆల్దామా మొదట నమ్మలేదు. నువ్వు రావడానికి ముందురోజు తీసిన ఫొటోలు పక్కన పెట్టి ఒక్కో మొక్కా చూశాం. ఫొటోల్లో కనబడినంత మేర ఎక్కడా తేడా రాలేదు; ఆకుల చాటున ఉన్నవి ఎంత లావో నీ ముడులే చెప్పాయి. ఇక నువ్వు వదిలేసిన శనగగింజల్ని సన్నగా కోసి సూక్ష్మదర్శినిలో పెడితే, బూజు చుట్టూ మొక్క కట్టుకున్న గోడ స్పష్టంగా కనబడింది. నేనైతే తూకం కోసం వాటినీ పెరికి ఎండబెట్టేసేదాన్ని. వచ్చే పంటకాలం మళ్లీ చేసి చూపించాలి. అందుకు స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది పొడిగించారు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట. డాక్టరు ముడుల వైపు చూపించి "ఈ లెక్క ఎవరిది?" అన్నారు. "మా అమ్మది" అన్నాను. ఆయన తలెత్తి, "ఆవిడ మీ ఊరి వంటావిడ అన్నావు కదమ్మా?" అన్నారు.

అవునమ్మా, నువ్వు వచ్చిన రోజు వాళ్లకు అలాగే చెప్పాను. వెలిసిన నీ శాలువా, చంకలో బుట్టా చూసి సిగ్గుపడ్డాను. బస్టాండులో నోరు పెగలనిది కోపంతో కాదు, ఆ మాట నువ్వు విన్నావేమోనన్న భయంతో. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నీ చేతి ముడులే నా చదువు నిలబెట్టాయి. మార్చిలో అందరి ముందూ నా పని గురించి మాట్లాడాలి. తప్పకుండా రా. ఆ శాలువానే కప్పుకుని రా. గుమ్మం దగ్గరే ఉంటాను. నువ్వు కనబడగానే అమ్మా అని పిలుస్తాను, హాలంతా వినేటట్టు.

నీ కూతురు
ఎలోదియా