కనకమహాలక్ష్మిగారికి పది కొబ్బరికాయలు

తాటిపాక,
జూన్ మొదటివారం.

'లంకల రాజ్యం' ఆట తయారుచేసిన కంపెనీవారికి,

తాటిపాక నుంచి సుగుణ టీచరు నమస్కరించి రాయునది. మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను. మేము కులాసాగా లేము. అందుకు కారణం మీరే.

మా అమ్మాయి సుప్రియ అమలాపురంలో నర్సు. వాళ్ళ నాన్నగారికి కాలక్షేపంగా ఉంటుందని టాబులో మీ ఆట పెట్టింది. మావారు సత్యానందం మాస్టారు సైన్సు చెప్పేవారు, రిటైరయ్యేరు. ఆట తెరవగానే 'ఇది విశాల ప్రపంచం, మీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళండి, మీ కథ మీరే రాసుకోండి' అని పెద్ద అక్షరాలతో వేసేరు. బొమ్మలు బాగున్నాయి, కాదనను. గోదారి పాయలు, లంకలు, రేవు, జనాన్ని దాటించే పంటు అన్నీ మా వైపు వచ్చి నిలబడి గీసినట్టే ఉన్నాయి. కానీ ఆ ప్రపంచంలో ఎటు వెళ్ళినా పని ఒకటే.

రేవు దగ్గర కనకమహాలక్ష్మి అని ఒక ముసలావిడ కూర్చుని ఉంటుంది. "నాయనా, పది కొబ్బరికాయలు తెచ్చిపెడతావా?" అంటుంది. పాపం పెద్దావిడ కదా అని ఈయన లంకంతా తిరిగి తెచ్చిస్తారు. "నీలాంటివాడు ఈ రేవులో లేడు నాయనా" అంటుంది. సంతోషం. ఈయన అటు తిరిగేలోపల మళ్ళీ "నాయనా, పది కొబ్బరికాయలు తెచ్చిపెడతావా?" అంటుంది. ఇచ్చినవి ఏం చేసిందండీ? అమ్ముకుందా?

పక్క లంకలో జాలరికి పది రొయ్యలు కావాలి. జాలరి అయ్యుండి! సాధువుకి పది మారేడాకులు. మొన్న రాజుగారి దర్శనం అయింది. రాజైనా కొత్తది అడుగుతాడేమో అనుకుంటే పది కత్తులు తెమ్మన్నాడు. ఆ రాజ్యంలో ఒక్కడూ తన పని తాను చేసుకోడు. అందరికీ మా మాస్టారే దొరికేరు.

నేనూ టీచర్నే. ఏడాది పొడుగునా ఒకటే ప్రశ్నాపత్రం ఇస్తే మా హెడ్మాస్టరు ఊరుకునేవారు కాదు. మీకు పైన అడిగేవాళ్ళు లేరా? పొద్దున్న లేచింది మొదలు ఆ ముసలావిడ గొంతు వినలేక చస్తున్నాను. వంటింట్లో తాలింపు వేస్తుంటే ఆ చప్పుడులో కూడా "నాయనా, పది" అనే వినిపిస్తోంది. దయచేసి ఆవిణ్ణి తీసేసి ఇంకేదైనా పెట్టండి.

ఇట్లు,
సుగుణ

తా.క.: జవాబు ఉత్తరంలోనే రాయండి. ఫోను చెయ్యొద్దు. ఫోను మోగితే మాస్టారు బడిగంట అనుకుని చొక్కా వేసుకుని బయల్దేరిపోతారు.

*

హైదరాబాదు,
జూన్ మూడోవారం.

గౌరవనీయులైన సుగుణ టీచరుగారికి,

నా పేరు వెంకటసాయి అండి. మాది మండపేట. ఆటలో క్వెస్టులు రాసేది నేను. క్వెస్టు అంటే ఆడేవాళ్ళకి మేం అప్పగించే పని. కనకమహాలక్ష్మిగారిని, జాలరిని, సాధువుని, పది కత్తుల రాజుని పుట్టించిన పాపం నాదేనండి. మా ఆఫీసుకి కాయితం మీద ఉత్తరం రావడం ఇదే మొదలు. అందరూ లేచి వచ్చి ముట్టుకుని చూశారు.

మీరు రాసిందంతా నిజం. ఇంత పెద్ద ప్రపంచం కట్టి, అందులో జనం ఏం చెయ్యాలో ఆలోచించడానికి నాకు ఇచ్చింది మీ బడికి వేసవి సెలవులు ఇచ్చేంత టైమండి. ఒక మనిషి, ఒక వస్తువు, పది. వీటినే అటూ ఇటూ మార్చి లంకలన్నీ నింపేశాను. నెట్‌లో జనం దుమ్మెత్తి పోస్తున్నారు. 'వీడు రాసింది క్వెస్టులు కాదు, రేషను సరుకుల చీటీ' అన్నాడు ఒకాయన. మా అమ్మ కూడా చదివిందండి అది.

మా మేనేజరు రాజేంద్రప్రసాద్‌గారు మీ ఉత్తరాన్ని మీటింగులో పైకి చదివించారు. రాజుగారి దగ్గరికి వచ్చేసరికి నేను తప్ప అందరూ నవ్వారు. "ఓపికగా పాఠాలు చెప్పుకున్న మాస్టారినే ఇంత విసిగించామంటే ఇంక లాభం లేదు, మార్చండి" అన్నారు మేనేజరుగారు. అందుచేత మాస్టారి విసుగు తీర్చే బాధ్యత నాది. వచ్చే అప్‌డేట్‌లో కనకమహాలక్ష్మిగారు ఉండరు. ఆవిడ చోట మూడు దారుల్లో నడిచే కథ పెడుతున్నాం. పంటు మునుగుతుంది. ఎవరిని రక్షించాలో, ఎవరిని వదిలెయ్యాలో మాస్టారే తేల్చుకోవాలి. రోజుకో కొత్త మనిషి, రోజుకో కొత్త సమస్య. చేసిన పని మళ్ళీ చెయ్యక్కర్లేదు.

రిటైరయ్యాక కూడా గంట వినపడితే బడికి బయల్దేరే గురువులు ఈ రోజుల్లో ఉన్నారంటే నాకు కళ్ళు చెమ్మగిల్లాయండి. అలాంటివారు చిన్నప్పుడు నాకు ఒక్కరు దొరికి ఉంటే నేను ఈ ఉద్యోగంలో ఉండేవాణ్ణి కాదు.

విధేయుడు,
వెంకటసాయి

తా.క.: చిన్న ఇబ్బందండి. మాస్టారి ఖాతాలో కొబ్బరికాయల పని వేలసార్లు చేసినట్టు చూపిస్తోంది. మనిషన్నవాడు ఆ పని రెండోసారి చెయ్యడని, ఎవరో యంత్రం పెట్టి దొంగాట ఆడిస్తున్నారని మా భద్రతా విభాగం అనుమానం. మాస్టారు మనిషేనని ఏదైనా ధ్రువపత్రం ఉంటే జిరాక్సు పంపగలరు. ఏమీ అనుకోవద్దండి.

*

తాటిపాక,
జూలై రెండోవారం.

వెంకటసాయికి,

సుగుణ రాయునది. అడిగిన జిరాక్సు జతచేసేను. పెన్షను కోసం ఏటా నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. మాస్టారు బతికే ఉన్నారని ట్రెజరీవారు ఒప్పుకున్నారు. మనిషేనా అని అడిగింది మాత్రం మీరే మొదలు.

బాబూ, మొదటి ఉత్తరంలో ఒక సంగతి దాచేను. బయటివాళ్ళకి చెప్పుకోవడం ఇష్టం లేకపోయింది. మాస్టారికి మతిమరుపు జబ్బు. కళ్ళజోడు ఎక్కడ పెట్టేనో అనుకునే మరుపు కాదు. నన్ను పట్టుకుని "మీరు ఎవరి తాలూకండీ?" అని అడుగుతారు. సుప్రియని చూస్తే సూది వేసే అమ్మాయి వచ్చిందంటారు. అది నర్సే గనక తప్పని చెప్పలేం. ఫోను మోగితే బడికి బయల్దేరేది రిటైరయిన సంగతి గుర్తులేక. అది చదివి నీకు కళ్ళు చెమ్మగిల్లేయంటే నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండడానికి నేను ఉద్యోగం ముందుగానే వదిలేసేను.

మీ కొబ్బరికాయల పని ఆయనకి ప్రతిసారీ కొత్తదే. ప్రతిసారీ ఆ ముసలావిణ్ణి అప్పుడే చూసినట్టు జాలిపడేవారు, తెచ్చిచ్చేవారు. "నీలాంటివాడు ఈ రేవులో లేడు నాయనా" అని ఆవిడ అనగానే మొహం ఇంత చేసుకుని నావైపు తిరిగి "విన్నారా అండీ" అనేవారు. చొక్కా బొత్తాలు కూడా నేను పెట్టవలసిన మనిషికి, ఒక పని సాధించేననే తృప్తి రోజంతా దొరికేది. విసుగు నాది బాబూ. నా విసుగు తీర్చమని అడిగితే ఆయన సంతోషం పోయింది. అడిగింది నేనే, నిన్ను అనడానికి లేదు.

మీ అప్‌డేట్ వచ్చింది. రేవులో ఆవిడ లేదు. పంటు మునిగింది, జనం ఒకటే అరుపులు, ఎవరిని వదిలేస్తావో చెప్పమని తెరమీద వేసేరు. ఆయన వణికిపోయేరు. టాబు కింద పెట్టేసి "పెద్దావిడ ఏదీ? మునిగిపోయిందా?" అని ఇల్లంతా వెతికేరు.

మర్నాడు నేను స్నానం చేసి వచ్చేసరికి మనిషి లేరు. పెరటి చెట్ల నుంచి దింపించి ఒలిపించిన కొబ్బరికాయల్లోంచి పది సంచిలో వేసుకుని, ఆటో ఎక్కి సఖినేటిపల్లి రేవుకి వెళ్ళిపోయేరు. ఆటో చంటి ఈయన దగ్గర చదువుకున్నవాడే. మాస్టారు ఏదో పనిమీద వెళ్తున్నారనుకున్నాడు. అక్కడ "కనకమహాలక్ష్మిగారు ఎక్కడండీ?" అని వాకబు చేస్తే, మా ఖర్మ కాకపోతే, వేరుశనక్కాయలు అమ్ముకునే ఒకావిడ "ఆయ్, నేనేనండి" అందిట. కాయలు పుచ్చుకుని "ఇంకో పది ఉన్నాయా మాస్టారూ?" అందిట. అంతే. 'నీలాంటివాడు లేడు' అనే ఆ మాట మాత్రం అనలేదు. ఈయన అక్కడే నిలబడిపోయేరు. చంటి వెనక్కి తీసుకొచ్చేసరికి చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నారు. "ఆవిడ కాదండీ. ఆవిడైతే ఆ మాట అనేది" అంటున్నారు.

ఆవిణ్ణి మళ్ళీ పెట్టు బాబూ. నీకు పుణ్యం ఉంటుంది. ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు. రోజంతా గుమ్మంలో నిలబడుతున్నారు.

ఇట్లు,
సుగుణ

తా.క.: పది కత్తుల రాజుని తిరిగి పెట్టకపోయినా నాకు అభ్యంతరం లేదు.

*

హైదరాబాదు,
జూలై చివర.

గౌరవనీయులైన టీచరుగారికి,

మీ ఉత్తరం చదివాక వెంటనే జవాబు రాయలేకపోయానండి.

రాజేంద్రప్రసాద్‌గారికి చూపించాను. ఆయన చెడ్డమనిషి కాదు. చదివి, కళ్ళజోడు తుడుచుకున్నారు. తర్వాత "ఆవిడ పోయిందని జనం పండగ చేసుకుంటున్నారయ్యా. వెనక్కి తెస్తే మన దుకాణం మూతే" అన్నారు. అదీ నిజమేనండి. ఇప్పుడు అందరూ నన్ను పొగుడుతున్నారు. రేషను చీటీ అన్నాయన కూడా 'వీడికి బుద్ధొచ్చింది' అని రాశాడు. మా అమ్మ ఆ ముక్కని ఫోనులో దాచుకుని చుట్టాలకి చూపిస్తోంది. పుట్టి బుద్ధెరిగాక నన్ను నలుగురూ మెచ్చుకున్నది ఒక ముసలావిణ్ణి లేకుండా చేసినందుకు. అన్నం ముందు కూర్చుంటే అదే గుర్తొస్తోందండి.

పాత ఆటని మాస్టారి టాబులో మాత్రం ఉంచుదామని ప్రయత్నం చేశాను. అది కొత్తదానితో కలవడం లేదు. నా చేతిలో లేదండి.

కనకమహాలక్ష్మిగారి గురించి మా దగ్గర ఏముందో తీసి చూశాను. ఆవిడకి ఒక కుటుంబం, ఒక కథ రాద్దామని అప్పట్లో అనుకున్నాను, తీరలేదు. మొత్తం ఆవిడంటే రెండే మాటలు. అడిగే మాట ఒకటి, మెచ్చుకునే మాట ఒకటి. ఇచ్చిన కాయలు ఏం చేసిందని మీరు అడిగారు. ఏమీ చెయ్యదండి. ఆవిడకి ఇవ్వగానే అవి మాయమైపోయి మళ్ళీ చెట్ల కింద పుట్టుకొస్తాయి. లేకపోతే మర్నాడు తేవడానికి ఉండవు కదండీ. ఆవిడకి కాయలతో పని లేదు. తెచ్చేవాళ్ళకి పని ఉండాలి, అందుకని అడుగుతుంది.

ఇంతకన్నా ఏమీ చెయ్యలేకపోయాను. క్షమించండి.

విధేయుడు,
వెంకటసాయి

తా.క.: మాస్టారు మనిషేనని భద్రతా విభాగం ఒప్పుకుంది. దొంగాట కేసు కొట్టేశారు. కాకపోతే ఆ సర్టిఫికెట్ వచ్చే నవంబరు దాకానే చెల్లుతుందట. మళ్ళీ పంపమన్నారు.

*

తాటిపాక,
సెప్టెంబరు.

చిరంజీవి వెంకటసాయిని ఆశీర్వదించి సుగుణ రాయునది.

నీ ఉత్తరం తిరగేసి తిరగేసి చదివేను. కాయలు మళ్ళీ చెట్ల కింద పుట్టుకొస్తాయన్నావు చూడు, అక్కడ ఆగిపోయేను.

మర్నాడు పొద్దున్న వీధి అరుగు మీద కూర్చున్నాను. మాస్టారు గుమ్మంలో ఊరికే నిలబడి ఉన్నారు. పక్కింటి వీరవేణిగారు ముగ్గు వేస్తోంది, ఆవిడ వింటే ఏమనుకుంటుందో అని సిగ్గు. కట్టుకున్న మొగుణ్ణి నాయనా అని పిలవడం మా ఇంటావంటా లేదు. అయినా కొంగు తలమీదికి లాక్కుని, గొంతు సవరించుకుని, "నాయనా, పది కొబ్బరికాయలు తెచ్చిపెడతావా?" అన్నాను.

ఆయన నన్ను తేరిపార చూసేరు. "అయ్యో, దానికేం భాగ్యమమ్మా! ఆయ్, ఇప్పుడే తెస్తాను" అని పెరట్లోకి పరుగు. రెండేసి చొప్పున మోసుకొచ్చి నా కాళ్ళ దగ్గర పేర్చేరు. "నీలాంటివాడు ఈ రేవులో లేడు నాయనా" అన్నాను. చివరిమాట సరిగ్గా బయటికి రాలేదు. వచ్చినంతవరకు ఆయనకి చాలింది. ఎన్నాళ్ళకో ఆ మొహం విచ్చుకుంది. ఆ పూట అన్నం అడిగి పెట్టించుకున్నారు.

ఆయన కాస్త నడుం వాల్చగానే కాయలన్నీ మోసుకెళ్ళి చెట్ల కింద పోస్తాను. సుప్రియ ఇంట్లో ఉంటే అదీ ఒక చెయ్యి వేస్తుంది. ఆయన లేస్తారు. నేను అరుగు మీదికి వచ్చి మళ్ళీ అడుగుతాను. ఏ ముసలావిడ గొంతు వినలేక చస్తున్నానని నీకు రాసేనో ఆ ముసలావిడ ఇప్పుడు నేనే.

విసుగు పోయిందని అబద్ధం చెప్పను. నడుం పడిపోతోంది. ఒక్కోరోజు ఆ మాట అంటుంటే ఏడుపు ముంచుకొస్తుంది. ఆయన బాగుపడరని డాక్టరుగారు చెప్పేసేరు. కొన్నాళ్ళకి కాయలు మోయడం కూడా మర్చిపోతారట. అప్పుడేం చెయ్యాలో నాకు తెలీదు. కానీ ప్రార్థనలో నేనూ రోజూ అవే మాటలు అంటాను కదా. ప్రభువు ఇంతవరకు కొత్తవి రాసుకురమ్మనలేదు.

నీ ఉద్యోగం నిలబడినందుకు సంతోషం. పంటు మునిగే కథ బాగుందని సుప్రియ అంది. ముసలావిణ్ణి లేకుండా చేసేనని కుమిలిపోకు. ఆవిడ తాటిపాకలో ఉంది. అన్నం తిను.

ఇట్లు,
కనకమహాలక్ష్మి

తా.క.: నిన్న పదకొండు తెచ్చేరు. "ఒకటి ఎక్కువొచ్చింది నాయనా" అన్నాను. "అది మీకమ్మా. ఆ పదీ ఎవరికోసమో అడుగుతుంటారు. రోజూ ఇక్కడే కూర్చుంటారు, మీకంటూ ఎవరూ ఏమీ తెచ్చిపెట్టరు కదా" అన్నారు. రోజూ అన్నారు బాబూ. నిన్న కూడా నేనిక్కడే ఉన్నానని ఆయనకి గుర్తుంది. ఆ పదకొండోది చెట్టు కింద పొయ్యలేదు. బీరువాలో, నా పెళ్ళిచీర పక్కన పెట్టుకున్నాను.