హన్మమ్మ ఆడిషన్

11 జూన్ 1959, తాండూరు

రేడియో స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. శ్రీమతి ఇందిరమ్మ గారిని జానపద గీతాల ఆడిషన్‌కు సెప్టెంబర్ 3న హైదరాబాద్ రమ్మన్నారు.

నా భార్య ఇందిర పోయి నాలుగు నెలలు.

అప్లికేషన్ పంపింది నేనే. కిందటి డిసెంబర్‌లో, ఆమెను అనంతగిరి క్షయ ఆసుపత్రిలో చేర్చిన వారానికి. అంతకు పదకొండు నెలల ముందే ఫారం నింపి నా చేతికి ఇచ్చింది. ఆఫీసు డ్రాయర్‌లో పడేశాను. షావుకారు ఇంటి కోడలు రేడియోలో పాడిందంటే వికారాబాద్‌లో మా వాళ్ళు ఏమంటారోనని. పంపారా అని ఒకసారి అడిగింది. చూద్దాం అన్నాను. మళ్ళీ అడగలేదు.

12 జూన్

జవాబు రాయలేదు.

15 జూన్

రాయలేదు.

19 జూన్

హన్మమ్మ రైల్వే గూడ్స్ ఆఫీసుకు, నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. షెడ్‌లో కందులు చెరిగే ఆడవాళ్ళ జట్టుకు ఆమే పెద్ద. కురుమల మనిషి. భర్త పోయాడు, గొర్రెలు ఒక కరువులో పోయాయి, అప్పటినుంచి చాట పట్టింది. రెండేళ్ళ కిందట ఇందిర నాకు టిఫిన్ డబ్బా తెచ్చి, ఆమె పాట విని, అక్కడే ఒక బస్తా మీద కూర్చుండిపోయింది. ఆ తరువాత రోజూ మధ్యాహ్నం నోట్‌బుక్ పట్టుకుని వచ్చేది. నలభై మూడు పాటలు రాసుకుంది. నేర్చుకుంది కూడా.

"ఉత్తరమొచ్చిందట గద సారూ" అంది హన్మమ్మ. "నర్సప్ప హోటల్ల పోస్టాయన చెప్పిండు. ఊరందరికి ఎర్కే, నాకొక్కదానికే చెప్పకపోతివి."

నేను ఇన్వాయిస్ రాస్తూనే ఉన్నాను. ఆమె కదలలేదు. అమ్మ పోయింది గాని పాటలు పోలేదంది. అవి తన పాటలంది. తను పోయి పాడతానంది.

మూడు వ్యాగన్ల కాగితాలు తప్పు రాశాను.

21 జూన్

ఆలోచించి హన్మమ్మను పిలిచాను. వెళ్ళమన్నాను. కానీ ఇందిరమ్మగా వెళ్ళమన్నాను. అక్కడ ఇందిర ముఖం ఎవరూ చూడలేదు. ఉత్తరంలో పేరు ఎలాగూ ఉంది.

హన్మమ్మ చాట కింద పెట్టింది. "నా గొంతుకు ఇంకోల్ల పేరా?" అంది. "అమ్మంటే నాకు పానం. గాని నా గొర్రెల మీద ఎన్నడన్న ఇంకోల్ల గుర్తు ఏసిన్నా సారూ?" మళ్ళీ అంది. "రేడియోల ఆమె పేరు ఇనాలని నీకున్నది. గది నాతోని తీర్చుకోకు."

కోపం వచ్చింది. పని చూసుకో పో అన్నాను.

22 జూన్, ఉదయం 6

రాత్రంతా కోపంగానే ఉన్నాను. తెల్లవారేసరికి కోపం పోయింది. ఆమె అన్నది నిజం కాబట్టి నిలబెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు.

రేడియో స్టేషన్‌కు నాలుగు వాక్యాలు రాశాను. నా భార్య ఫిబ్రవరిలో మరణించింది. ఆమెకు పాటలు నేర్పిన మనిషి ఇక్కడే ఉంది. పేరు హన్మమ్మ. ఆమెకు అవకాశం ఇవ్వగలరు.

"మరణించింది" అనే మాట నా చేత్తో రాయడం ఇదే మొదలు. పోస్టు డబ్బాలో వేసి వచ్చాను. వచ్చేటప్పుడు నడక తేలికగా ఉంది. అలా ఉన్నందుకు కొంచెం సిగ్గు వేసింది.

17 జూలై

జవాబు వచ్చింది. అదే తేదీకి హన్మమ్మను తీసుకురమ్మన్నారు. కొత్త ఫారం పెట్టారు.

సాయంత్రం షెడ్‌లో కూర్చుని నింపాం. గురువు పేరు అడిగారన్నాను. వాళ్ళ అవ్వ బుగ్గమ్మ పేరు చెప్పింది. అనుభవం ఎన్నేళ్ళు అంటే పుట్టినప్పటి సంది అంది. నలభై అని రాశాను. బిరుదులు, పతకాలు అనే చోట ఆగాను. బాగా పాడితే ఇచ్చేవి, నీకేమైనా ఇచ్చారా అన్నాను. "ఎంకమ్మ బిడ్డ పెండ్లిల రైకగుడ్డ పెట్టిన్రు. రాయి" అంది. వస్త్ర బహుమానం అని రాశాను. అదేం రాశావో చదివి వినిపించమంది. విని తల ఊపింది. ఒకటే రాశావేం, ఏడు రైకగుడ్డలు వచ్చాయి అంది.

"తక్కువ జేసి రాయకు సారూ. నీకు గదే అలవాటు. నువ్వు నవ్వినా సగమే నవ్వుతవ్."

ఏడు అని దిద్దాను.

2 ఆగస్టు

ఈసారి ఫారంతో ఫోటో కూడా అడిగారు. వికారాబాద్ వెళ్ళి తీయించుకుంది. ఒకటి చాలు, మూడు తెచ్చింది. ఒకటి నాకు ఇచ్చింది. ఒకటి తన దగ్గర. మూడోది నర్సప్ప హోటల్లో అద్దం కింద అంటించింది. తాండూరులో పబ్లిక్ రేడియో ఉన్నది ఆ హోటల్లోనే. రేడియోకు, ఫోటోకు మధ్య జానెడు దూరం.

ఇప్పుడు ఆదివారాలు రైలెక్కి ధారూర్ పోతోంది. ప్లాట్‌ఫారం మీద పాడుతుంది. బస్సెక్కి మోమిన్‌పేట్ సంతకు పోతుంది. సెప్టెంబర్ సంది నేను రేడియో మనిషిని అని చెబుతోంది. ఇది పరీక్ష మాత్రమే, చాలామందిని తిప్పి పంపేస్తారు అని రెండుసార్లు చెప్పాను. "సంతల కూరగాయలామె నోరు మూస్కోని కూసుంటే ఎవలన్న కొంటరా? గెలిచినంక చెప్పుకుంట అనేటోల్లు నీ అసోంటోల్లు" అంది.

నా అసోంటోళ్ళు. డ్రాయర్‌లో ఫారం పెట్టుకున్నవాళ్ళు. ఆమెకు ఆ సంగతి తెలియదు. అయినా తగిలింది.

17 ఆగస్టు

షెడ్ కూలీలందరి మీద ముకద్దం మల్లయ్య. అందరి ముందూ ఆమెను ఆట పట్టించాడు. గొర్రెలను పిలిచే గొంతు, రేడియోలో అరిస్తే హైదరాబాద్‌లో మేకలన్నీ స్టేషన్ ముందు నిలబడతాయి అన్నాడు. అందరూ నవ్వారు. హన్మమ్మ కూడా నవ్వింది. తరువాత, "రేడియోల పాడకపోతే గీ షెడ్డుల మల్ల శాట వట్ట" అంది.

మల్లయ్య నవ్వు ఆపాడు. అందరూ విన్నారు గదా అని ఇద్దరిని సాక్ష్యం పెట్టాడు.

ఈ షెడ్ తప్ప ఆమెకు వేరే తిండి దారి లేదు. ఎందుకన్నావు అని అడిగాను. "నోట్లకెల్లొచ్చింది, ఇగ ఏం జేద్దాం" అంది. ఒడి కొంగు మూడుసార్లు దులిపింది. అందులో ఏమీ లేదు.

31 ఆగస్టు

సెలవు మంజూరైంది.

3 సెప్టెంబర్, మధ్యాహ్నం 1.20, రేడియో స్టేషన్ వరండా

కాగితం మీద రాస్తున్నాను, తరువాత డైరీలో అంటిస్తాను. ఎదురుగా హన్మమ్మ నీళ్ళు తాగుతోంది. మూడో గ్లాసు.

ఆమె గదిలోకి ధైర్యంగానే వెళ్ళింది. ఆఫీసరు పేరు అడిగితే గోడలు అదిరేలా చెప్పింది. నన్ను అద్దానికి ఇవతల, ఆఫీసరు పక్కన నిలబెట్టారు. తలుపు మూశారు. అద్దం పైన ఎర్ర దీపం వెలిగింది. పాడమని ఆఫీసరు చెయ్యి ఊపాడు.

హన్మమ్మ పాడలేదు.

నోరు మూసుకుని కొయ్యలా నిలబడింది. రెప్ప కూడా కొట్టలేదు. దీపం ఆర్పితే ఊపిరి పీల్చుకుంది. ఆఫీసరు లోపలికి వెళ్ళి మళ్ళీ చెప్పి వచ్చాడు. సరే సరే అంది. దీపం వెలిగింది. మళ్ళీ కొయ్య. రెండుసార్లు ఇలాగే అయింది. ఆయన మంచివాడు. కొత్తలో చాలామందికి ఇలాగే అవుతుంది, ఊరికి తీసుకెళ్ళండి, వచ్చే ఏడు చూద్దాం అన్నాడు. కాగితం మీద పెన్ను పెట్టాడు.

నాకు చాట గుర్తొచ్చింది. మల్లయ్య పెట్టిన సాక్షులు గుర్తొచ్చారు. ఏదో చెప్పబోయాను. అప్పుడు గమనించాను. నేను కూడా నోరు మూసుకుని, ఊపిరి బిగపట్టి కదలకుండా నిలబడి ఉన్నాను. ఎర్ర దీపం ఇంకా ఆర్పలేదు.

కారణం తెలిసింది. యార్డులో వ్యాగన్లు అటూ ఇటూ మార్చేటప్పుడు ఎర్ర జెండా గాని, ఎర్ర దీపం గాని చూపిస్తే పట్టాల పక్కన గింజలు ఏరుకునే ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడే నిలబడిపోవాలి. కదలకూడదు, మాట్లాడకూడదు. మాట్లాడితే పోర్టర్ కేక వినపడదు. పచ్చది చూపించేదాకా అంతే. ఈ నియమం వాళ్ళకు నేర్పింది నేను. హన్మమ్మ చేత మూడుసార్లు చెప్పించింది నేను.

ఆఫీసరుకు చెప్పాను. ఆయన నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాడేటప్పుడు ఆ దీపం ఆర్పడం కుదరదట. మెషీన్‌తో పాటే వెలుగుతుందట. పచ్చ దీపం వాళ్ళ దగ్గర లేదు. అయితే లైన్ క్లియర్ మీరే ఇవ్వండి అన్నాడు.

జెండా లేనప్పుడు చేతితో ఇచ్చే సిగ్నల్ ఒకటుంది. అద్దం ముందు నిలబడి కుడి చెయ్యి నిటారుగా ఎత్తి పట్టుకున్నాను.

హన్మమ్మ దీపం చూసింది. నన్ను చూసింది. పాట ఎత్తుకుంది.

మూడు నిమిషాలే అడిగారు. మూడు దాటింది. ఒక పాట అయిపోయి ఇంకొకటి వచ్చింది, దాని వెనక ఇంకొకటి. ఆఫీసరు ఆపమనలేదు. పెన్ను మూత పెట్టేసి వింటున్నాడు. పదకొండు నిమిషాలయ్యాక నన్ను చూసి, చెయ్యి దించండి సార్, లేకపోతే సాయంత్రం వార్తలకు కూడా ఖాళీ ఉండదు అన్నాడు.

దించాను. వెంటనే ఆగింది. చరణం మధ్యలో.

అదే రోజు, రైల్లో, 5.40

"నువ్వు చెయ్యి దించకపోతివి, నేను ఆపకపోతి. నాలిక ఎండి పీచయింది సారూ. పగబట్టినవనుకున్న" అంది హన్మమ్మ.

నవ్వాను. సగం కాదు అనుకుంటాను. పక్క బెంచీ వాళ్ళు తిరిగి చూశారు.

4 సెప్టెంబర్

కుడి భుజం పైకి లేవడం లేదు. ఎడమ చేత్తో రాశాను, ఈ రెండు వాక్యాలు.

28 సెప్టెంబర్

ఉత్తరం లేదు. హన్మమ్మ ధారూర్ పోవడం మానేసింది. షెడ్‌లో పాడటం లేదు. ఇంకెంతకాలం చాట పడతావు, అన్న మాట గడువు దాటిపోలేదా అని మల్లయ్య ఇవాళ అడిగాడు. హన్మమ్మ కందులు చెరుగుతూనే ఉంది. అద్దం కింద ఫోటో అలాగే ఉంది. తీసేయమంటావా అని నర్సప్ప నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

వద్దన్నాను. టీ తాగకుండా వచ్చేశాను.

20 అక్టోబర్

తీసుకున్నారు.

కవరు చింపి, నిలబడే చదివి, షెడ్‌కు పరుగెత్తాను. నలభై ఒకటో ఏట పరుగు. ఆడవాళ్ళు ఏ వ్యాగన్ పడిపోయిందోనని లేచి నిలబడ్డారు. చదివి వినిపించాను. హన్మమ్మ మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. పేరున్న చోట వేలు పెట్టి చూపించమంది. చూపించాను. చదవడం రాదు, అయినా అక్కడ చాలాసేపు చూసింది.

తరువాత చాట తీసుకెళ్ళి మల్లయ్య కాళ్ళ ముందు పెట్టింది. "గిది నీ దగ్గరుంచు. పాట లేనినాడు షెడ్డుల పనికి వస్త" అంది.

5 నవంబర్

రికార్డింగ్ అయింది. ఈసారి నేను చెయ్యి ఎత్తలేదు. తనే అలవాటు చేసుకుంది. ఇది యార్డు గాదు, గది, అని తనకు తనే రెండుసార్లు చెప్పుకుని మొదలుపెట్టింది.

17 నవంబర్

సాయంత్రం ఏడుంపావుకు ప్రసారం. నర్సప్ప హోటల్లో బెంచీలు చాలక బయట బండల మీద కూర్చున్నారు. షెడ్ ఆడవాళ్ళంతా వచ్చారు. మల్లయ్య కూడా వచ్చాడు, వెనక నిలబడ్డాడు.

గాయని తాండూరు హన్మమ్మ, అన్నారు రేడియోలో. గోల లేచింది. హన్మమ్మ బల్ల మీద చేత్తో కొట్టి, "సప్పుడు జెయ్యకుండ్రి, నేను పాడుతున్న" అని కసిరింది.

మూడు పాటలు. మూడోది కందిచేను పాట. అందులో చివరి చరణం హన్మమ్మది కాదు. ఆమె మరిచిపోయిన చోట ఇందిర సొంతంగా కట్టి పెట్టింది. నోట్‌బుక్‌లో ఆ రెండు పంక్తులకు పక్కన చిన్న చుక్క ఉంటుంది.

పొద్దు గుట్టెక్కినంక పొలిమేర మీదుండి
ఒక్కపారి పిలిచిపో, ఇన్నట్టె నేనుంట

హన్మమ్మ దాన్ని ఇందిర పాడినట్టే పాడింది. "పిలిచిపో" దగ్గర కొంచెం ఆగి.

ఆ హోటల్లో అది ఎవరిదో తెలిసినవాళ్ళం ఇద్దరం. హన్మమ్మ నా వైపు చూడలేదు. రెండో పాట ఉరికించారని, తను అంత వేగంగా పాడలేదని నర్సప్పతో పోట్లాడుతోంది. ఆయన రేడియో వేగం తన చేతిలో లేదని మొత్తుకుంటున్నాడు. మల్లయ్య ముందుకు వచ్చి బిడ్డ పెండ్లికి పాడాలని అడిగాడు. బండి పంపితేనే వస్తనంది. పంపుతానన్నాడు. ఎద్దులు మంచివి ఉండాలంది.

ఇంటికి వచ్చి నోట్‌బుక్ తీశాను. ఫిబ్రవరి తరువాత తీయలేదు. మొదటి నుంచి చివరిదాకా చదివాను. భయపడినట్టు ఏమీ కాలేదు. పాటలు బాగున్నాయి.

డ్రాయర్‌లో పడి ఉన్న ఆ ఫారాన్ని ఇందిర ఒకసారి చూసింది. చూసి డ్రాయర్ మూసేసింది. ఇప్పటిదాకా ఇక్కడ కూడా రాయలేదు. రాశాను.

6 డిసెంబర్

రెండో ప్రోగ్రాంకు పిలుపు. 14న రికార్డింగ్. సెలవు పెడతానన్నాను. "నువ్వెందుకు సారూ? తొవ్వ ఎర్కే, దీపం ఎర్కే. నువ్వొస్తే నీకు నీళ్ళు దెచ్చుడే నాకు పనైతది" అంది.

14 డిసెంబర్

హన్మమ్మ ఒక్కతే పొద్దుటి రైలెక్కింది.

ఫిబ్రవరి తరువాత మొదటిసారి మధ్యాహ్నం ఆకలి వేసింది. మార్కెట్‌కు వెళ్ళి, వండుకుందామని వంకాయలు కొన్నాను.